నేల విడవని సాము

జాబ్జె ఊళ్ళో ఇళ్ళు కొంచెం ఒరిగే ఉంటాయి.
వందేళ్ళుగా అడుగున బొగ్గు తవ్వేశారు.
గచ్చు మీద బంతి పెడితే
పిలిచినట్టు వంటగదిలోకి దొర్లుతుంది.
అలాంటి నేలను నమ్మి
మెరుపును అప్పగించమంది పాని బొగుమిల.

నాకప్పుడు పదహారేళ్ళు.
మూతబడ్డ చెప్పుల దుకాణం బోర్డు వెనకాల
ఊడదీసిన ట్రాన్స్‌ఫార్మరు, తుక్కు కొట్లో కొన్నాను.
తారు పోసిన ఇటుక. మోస్తే నడుం పట్టేసింది.
పదిహేను వేల వోల్టులని రేకు మీద అంకె.
చూడగానే ఆమె
"దీన్ని నేనెరుగుదును" అంది,
సంతలో చుట్టం కనబడ్డట్టు.
ఆ బోర్డు మీద రాత్రంతా వెలిగిన ఎర్ర జోడును
గాజుగొట్టం కాల్చి వంచింది ఆమేనట.

నా వైపు అంతా సిద్ధం:
మురుగుగొట్టం చుట్టూ తొమ్మిదివందల చుట్ల తీగ
(రెండుసార్లు లెక్క తప్పి ఏడుపొచ్చింది),
ఉప్పునీళ్ళు నింపిన పన్నెండు బీరుసీసాలు.
అడుగు కొస ఒక్కటే మిగిలింది.
గోడ సాకెట్లోని ఎర్తుకు తగిలించబోయాను.

మణికట్టు పట్టుకుంది.
"పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రమా?
ఆ తీగ ఇంటిది.
ఫ్రిజ్జుదీ, మీ అమ్మ కుట్టుమిషనుదీ,
పైవాటాలో ఒండ్రాచెకు ముసలాయన ఊపిరి యంత్రానిదీ.
నీ మెరుపు అందులో దూరిందంటే
అందరి తలుపులూ తట్టి వస్తుంది."

పెరట్లోకి నడిచాం, రాగిపూత కడ్డీతో, సమ్మెటతో.
మొదటిచోట చిట్టెం రాళ్ళు, ఖంగుమన్నాయి.
రెండోచోట ఎవరిదో పాత గోడ.
మూడోచోట గ్యాసుగొట్టం ఉంది,
అటు వెళ్ళకుండా చీపురు అడ్డం పడేసింది.
చివరికి రూబార్బు మడి పక్కన
మంచు కరిగి నానిన బంకమట్టి.
అక్కడ దిగింది, దెబ్బకు వేలెడు చొప్పున,
మొండిపిల్లాడు మాట విన్నట్టు.

సన్నతీగ వద్దంది. అరచేతి వెడల్పు రాగిరేకు,
వీలైనంత పొట్టిగా, మూల మడతల్లేకుండా.
"దీనికి మలుపులు గిట్టవు. దారి నచ్చకపోతే
తన దారి తను చూసుకుంటుంది."
చుట్ట అడుగు కొసా, ట్రాన్స్‌ఫార్మరు ఇనుప ఒళ్ళూ
ఆ రేకుకే బిగించాం.
నా చెయ్యి పడే స్విచ్చు పెట్టె మాత్రం
ఇంటి ఎర్తుకే.
"పెట్టెకు నేల అందకపోతే పెట్టే పాము" అంది,
నట్టు ఇంకో అరచుట్టు తిప్పుతూ.

తర్వాత, సమ్మెట కడుగుతూ:
"జెనొన్ అని ఒకడుండేవాడు. మా జట్టే.
సినిమాహాలు కప్పు మీద, చినుకుల్లో.
ఇలాంటి నట్టే. తుప్పు పట్టింది."
అంతే. మిగతాది ఆమె చెప్పలేదు, నేనడగలేదు.
బకెట్లో నీళ్ళు ఎర్రబడ్డాయి, మట్టికి.

ఇంకా చెప్పింది: మోగుతున్నప్పుడు కాదు,
ఆపేశాక భయపడు.
ప్లగ్గు పీకి కంటి ముందు పెట్టుకో.
పొడుగు పిడి కర్రకు నేలతీగ కట్టి సీసాలను తాకించు,
మళ్ళీ తాకించు, సీసాలకు జ్ఞాపకం ఎక్కువ.
ఎడమ చెయ్యి జేబులో ఉంచుకో,
అక్కడ దానికేం పని లేదు.

ఆ రాత్రి స్విచ్చు వేశాను.
గుడ్డ చించిన చప్పుడు, వెయ్యి గజాల గుడ్డ.
ఊదారంగు కొమ్మలు నడుమెత్తు లేచి
గాలిలో వేళ్ళు వెతుక్కున్నాయి.
వానకు ముందుండే వాసన.
మా అమ్మ కిటికీలోంచి ఏదో అరిచింది, వినబడలేదు.
చుట్టుపక్కల పిల్లలంతా నోళ్ళు తెరిచి పైకే చూశారు.

పాని బొగుమిల చూడలేదు.
కడ్డీకి ఎడంగా బోర్లించిన బకెట్ మీద కూర్చుని
టార్చి వెలుగు ఆ నట్టు మీదే నిలిపింది,
పొయ్యి మీది పాలను చూసే చూపుతో.
ఆపేశాను. ప్లగ్గు పీకి, రెండుసార్లు కర్ర తాకించాను.
అప్పుడు తలెత్తింది, నా వైపు కాదు,
పైవాటా వైపు.

ఒండ్రాచెకు కిటికీలో
యంత్రం పచ్చదీపం
రెప్ప కూడా వేయలేదు.